పొయ్యి వెలిగించే ముందే

మూకుట్లో నూనె అంటుకున్నాక దానికి సరిపోయే మూత ఏ అరలో ఉందో వెతుక్కునే వ్యవధి ఉండదు. సలసల మరిగే గిన్నెను రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాక, దించడానికి గట్టు మీద చోటు లేదని తెలిస్తే అప్పుడు చేయగలిగింది ఏమీ మిగలదు. వంటింటి జాగ్రత్తల్లో చాలా భాగం మంట వెలిగించకముందే అయిపోవాల్సిన పనులు. వెలిగించాక మిగిలేది దగ్గరుండి చూసుకోవడమే. ఇక్కడ చెప్పే విషయాలన్నిటి వెనకా ఆ లెక్కే ఉంది. ఉష్ణోగ్రతలన్నీ సెల్సియస్ డిగ్రీల్లో ఇచ్చాం.

వెలిగించే ముందు రెండు నిమిషాలు

పొయ్యికి కనీసం ఒక మూర దూరం వరకు అంటుకునేది ఏదీ ఉండకూడదు. తువ్వాలు, కాగితపు పొట్లం, ప్లాస్టిక్ సంచి, నూనె సీసా, గాలికి ఎగిరే కిటికీ తెర అన్నీ పక్కకు పోవాలి. పొయ్యికి సరిగ్గా పైన ఉండే అరలో రోజూ వాడే డబ్బాలు పెట్టుకోవద్దు. వాటిని అందుకోవాలంటే మంట మీదుగా వంగక తప్పదు.

వేలాడే బట్టలతో మంట దగ్గరికి వెళ్లకండి. వదులు చేతులు మడిచి పైకి లాక్కోండి, భుజం మీద తువ్వాలు ఉంటే తీసేయండి, పొడుగు జుట్టు ముడి వేసుకోండి. నైలాన్, పాలిస్టర్ లాంటివి కాలుతూనే కరిగి చర్మానికి అతుక్కుంటాయి. వంటకు నూలు బట్ట మేలు. అది కూడా మండుతుంది, కానీ కరిగి అంటుకోదు.

మసిగుడ్డలు రెండు దగ్గర పెట్టుకోండి, రెండూ పూర్తిగా పొడిగా ఉండాలి. చాలామందికి చేతులు కాలేది ఇక్కడే. తడిగుడ్డతో పట్టుకుంటే ఇంకా చల్లగా ఉంటుందనిపిస్తుంది. జరిగేది దానికి తలకిందులు. పొడి గుడ్డ పోగుల మధ్య ఉండే గాలి వేడిని ఆపుతుంది. నీరు గాలికంటే ఇరవై రెట్లకు పైగా వేగంగా వేడిని చేరవేస్తుంది. పైగా ఆ తడి గిన్నె వేడికి ఆవిరై నేరుగా వేళ్లకు తగులుతుంది. అప్పటికి గిన్నె గాల్లో ఉంటుంది, వదిలేస్తే కాళ్ల మీద పడుతుంది. గట్టు తుడిచే గుడ్డ, గిన్నెలు దించే గుడ్డ ఎప్పుడూ వేరువేరుగా ఉండాలనేది అందుకే.

బరువైన గిన్నె ఎత్తే ముందు అది ఎక్కడ దిగుతుందో చూసుకోండి. చోటు ఖాళీగా ఉండాలి, పొడిగా ఉండాలి, కింద వేడిని తట్టుకునే పీటో చెక్కో ఉండాలి. దారిలో ఎవరూ అడ్డు లేరని చూసుకుని, ఉంటే "వేడిది, వెనకున్నాను" అని పైకి చెప్పి కదలండి. ఓవెన్‌లోంచి తీసిన గాజు పాత్రను తడి గట్టు మీదో చల్లటి రాతి మీదో పెడితే పగిలి ముక్కలు చిమ్మవచ్చు. కింది భాగం ఒక్కసారిగా కుంచించుకుపోతుంది, పై భాగం ఇంకా వేడిగా సాగి ఉంటుంది. ఆ లాగుడుకు గాజు ఆగలేదు.

పొడుగు పిడి ఉన్న పెనాల పిడులు గట్టు అంచు దాటి బయటికి రాకూడదు, పక్క బర్నర్ మీదికీ పోకూడదు. లోపలివైపు ఏటవాలుగా తిప్పి ఉంచండి. చిన్నపిల్లలున్న ఇంట్లో పొయ్యికి ఒక మీటరు దూరంలో నేల మీద రంగు టేపు అతికించి, ఇది దాటి రాకూడదని నేర్పితే "దగ్గరికి రావద్దు" అని పదేపదే అరవడం కంటే బాగా పనిచేస్తుంది. పిల్లలకు దూరం అర్థం కాదు, గీత అర్థమవుతుంది. బిడ్డను చంకనేసుకుని మాత్రం పొయ్యి దగ్గర నిలబడవద్దు, వేడి పానీయం తాగవద్దు.

నేల మీద చుక్క నూనె పడినా పని ఆపి తుడవండి. "తర్వాత తుడుద్దాం" అనుకున్న చోటే వేడి గిన్నెతో కాలు జారుతుంది.

నూనె వేయించేటప్పుడు

ఇంటి వంటలో పెద్ద మంటలకు ఎక్కువగా కారణమయ్యేది పొయ్యి మీద పెట్టి వదిలేసిన నూనె. కనక ముందుగా నూనె ఎలా నడుచుకుంటుందో తెలియాలి. ముంచి వేయించడానికి కావలసిన వేడి 170 నుంచి 190 డిగ్రీలు. శుద్ధి చేసిన వంటనూనెలు చాలావరకు 200, 230 డిగ్రీల మధ్య పొగ చిమ్మడం మొదలుపెడతాయి. ఇంకా వేడెక్కితే, నూనె రకాన్ని బట్టి 350 డిగ్రీల చుట్టుపక్కల, మంట తగలకపోయినా తనంతట తానే అంటుకుంటుంది. గ్యాసు మంట లేని కరెంటు పొయ్యి మీద నూనె అంటుకోదనుకోవడం పొరపాటు.

కాబట్టి నూనెలోంచి సన్నగా పొగ లేస్తోందంటే అది "కాగింది" అనడానికి గుర్తు కాదు, చివరి హెచ్చరిక. వెంటనే పొయ్యి ఆపండి. మూకుడు కదపకండి. ఇదివరకు వాడిన నూనె, అడుగున మాడిన పొడి మిగిలిన నూనె కొత్తదానికంటే తక్కువ వేడికే పొగ చిమ్ముతుంది. దాన్ని వాడేటప్పుడు మరింత కనిపెట్టుకుని ఉండాలి. వంటకు వాడే థర్మామీటర్ ఉంటే సరే సరి. లేకపోతే పూర్తిగా పొడిగా ఉన్న చెక్క గరిట కొనను నూనెలో ముంచండి. చుట్టూ సన్నని బుడగలు ఆగకుండా లేస్తే వేయించడానికి సిద్ధమైనట్టే.

పాత్రలో నూనె సగానికి మించకూడదు. మూడో వంతు అయితే ఇంకా మంచిది. ముక్కలు వేయగానే నూనె మట్టం పెరుగుతుంది. దానికి తోడు ముక్కల్లోని తడి ఆవిరై నురుగులా పొంగుతుంది. అంచు దాటి కిందికి కారిన నూనె బర్నర్‌ను తాకితే ఆ మంట పాత్ర గోడ వెంబడి పైకి పాకుతుంది.

చిటపటలు ఎందుకు? నీరు ఆవిరైతే దాదాపు 1700 రెట్లు చోటు ఆక్రమిస్తుంది. నూనెలోకి జారిన చుక్క అడుగున క్షణంలో ఆవిరై పైనున్న నూనెను చిమ్ముతుంది. కడిగిన ముక్కలను గుడ్డతో అద్ది తడి పూర్తిగా పోయాకే వేయండి. గడ్డకట్టిన పదార్థాలైతే మీద అంటిన మంచును దులపండి. మంచు పొడి నూనెలో పడితే పొంగు ఆగదు. ఏదైనా ఎత్తునుంచి వదలకుండా, నూనె దగ్గరగా తెచ్చి, మీకు అవతలివైపుకు జారవిడవండి. చిమ్మినా అటే చిమ్ముతుంది. ఒకేసారి గుప్పెడు కుమ్మరించకుండా కొద్దికొద్దిగా వేయండి. లోపలివైపు ఆవిరి నీళ్లు పట్టిన మూతను కాగే నూనె మీద బోర్లించకండి, ఆ చుక్కలన్నీ అందులోకే రాలతాయి.

నూనె పొయ్యి మీద ఉన్నంతసేపు అక్కడినుంచి కదలకండి. తలుపు తట్టినా, ఫోను మోగినా ముందు పొయ్యి ఆపి వెళ్లండి. ఆపి మళ్లీ వెలిగిస్తే పోయేది రెండు నిమిషాలే. నిద్ర ముంచుకొస్తున్నప్పుడు, మందు తాగినప్పుడు, మగత కలిగించే మాత్రలు వేసుకున్నప్పుడు వేపుళ్ల జోలికి వెళ్లకుండా ఇంకేదైనా వండుకోండి.

నూనె అంటుకుంటే

మూకుడు వెడల్పును పూర్తిగా కప్పే లోహపు మూతను వేయించడం మొదలుపెట్టకముందే చేతికందే చోట పెట్టుకోవాలి. గాజు మూత ఆ వేడికి పగలవచ్చు. మూత లేకపోతే అంచులు ఎత్తుగా లేని పెద్ద లోహపు పళ్లెం పనికొస్తుంది. మంట లేస్తే ఈ వరసలో చేయండి.

1. నాబ్ చేతికి అందేలా ఉంటే పొయ్యి ఆపండి. మంట మీదుగా చెయ్యి చాచాల్సి వస్తే నాబ్ వదిలేసి మూత పని చూడండి, లేదా గ్యాసును రెగ్యులేటర్ దగ్గర ఆపండి.
2. మూతను డాలులా నిలువుగా మీకూ మంటకూ మధ్య పట్టుకుని, మీవైపు అంచు నుంచి అవతలికి జరుపుతూ కప్పండి. పైనుంచి ధబాలున వేయకండి.
3. కప్పాక మూత ఎత్తి చూడకండి. కనీసం అరగంట, పాత్ర పూర్తిగా చల్లారేదాకా అలాగే ఉంచండి. లోపల నూనె ఇంకా అంటుకునే వేడిలోనే ఉంటుంది, గాలి తగిలితే మళ్లీ భగ్గుమంటుంది.
4. మంట పాత్ర దాటి పైకి పాకితే ఇక పోరాడవద్దు. ఇంట్లో అందరినీ బయటికి పంపి, వంటింటి తలుపు మూసి, బయటికి వచ్చాక అగ్నిమాపక దళానికి ఫోన్ చేయండి. మళ్లీ లోపలికి వెళ్లకండి.

నీళ్లు పోయడమంత ప్రమాదం ఇంకోటి లేదు. నీరు నూనెకంటే బరువు, అందుకే అడుగుకు దిగుతుంది. అక్కడ 100 డిగ్రీలకు ఎంతో పైనున్న వేడికి ఒక్కసారిగా ఆవిరై, మండే నూనెనంతా తుంపరగా పైకి ఎగదోస్తుంది. గిన్నెలో ఉన్న మంట అరక్షణంలో గది కప్పుకు అంటుకునేది ఇలాగే. రెండో పెద్ద పొరపాటు, మండే మూకుడును ఎత్తుకుని బయటికో సింకు దగ్గరికో పరుగెత్తడం. నడకకు నూనె తొణుకుతుంది, ఎదురుగాలికి మంట మీ వైపే వాలుతుంది. పిండి చల్లకండి, గాల్లో లేచిన పిండి తానే మండుతుంది. వంట సోడా చిన్న పెనంలోని చిన్న మంటను ఆర్పగలదు. మూకుడు నూనెకు గుప్పెళ్లు చాలవు, డబ్బా కావాలి.

మంటలార్పే సిలిండర్ కొనేవాళ్లు వంటనూనె మంటలకు పనికొస్తుందని రాసి ఉన్నదే చూసి తీసుకోవాలి. మామూలు రకాల్లో ధార వేగానికి నూనె చిందిపోయే ప్రమాదం ఉంది. దాన్ని, మంటలు కప్పే దుప్పటిని పొయ్యి పక్కన కాకుండా వంటింటి గుమ్మం దగ్గర తగిలించండి. మంట దాటి వెళ్లి తెచ్చుకోవాల్సిన సాధనం ఉన్నా లేనట్టే.

ఓవెన్‌లోనో మైక్రోవేవ్‌లోనో మంట కనిపిస్తే తలుపు తెరవకండి. స్విచ్ ఆపి, ప్లగ్గు అందితే తీసేసి, లోపలి గాలి అయిపోయేదాకా ఆగండి.

వేపుళ్లు అయిపోయాక నూనెను పొయ్యి మీదే చల్లారనివ్వండి. వేడి నూనెను వేరే పాత్రలోకి వంచడం, ప్లాస్టిక్ సీసాలో పోయడం రెండూ కూడనివి.

గ్యాసు

లైటరు చేతిలోకి వచ్చాకే నాబ్ తిప్పండి. నాబ్ తిప్పి లైటరు కోసం వెతికితే ఆ కొద్ది క్షణాల్లో పేరుకున్న గ్యాసంతా ఒక్కసారిగా అంటుకుంటుంది. రెండు మూడు సార్లు నొక్కినా వెలగకపోతే నాబ్ కట్టేసి, ఒకటి రెండు నిమిషాలు గాలి ఆడనిచ్చి మళ్లీ ప్రయత్నించండి.

గ్యాస్ బండలో ఉండే ఎల్‌పీజీ గాలికంటే బరువు. లీకైతే పైకి పోదు, నేలను పట్టుకుని పాకి గట్టు కింద, మూలల్లో, కింది మెట్లలో చేరుతుంది. గాలిలో సుమారు 2 శాతం కలిసినా అంటుకోవడానికి చాలు. గ్యాసుకు తనంతట వాసన ఉండదు, లీకు తెలియాలనే ఘాటైన గంధక వాసన పదార్థం కలుపుతారు. పైపుల్లో వచ్చే సహజవాయువు మాత్రం గాలికంటే తేలిక, అది పైకప్పు దగ్గర చేరుతుంది. గ్యాసు పసిగట్టే అలారం పెట్టుకునేవాళ్లు ఎల్‌పీజీకి నేలకు దగ్గరగా, సహజవాయువుకు పైకప్పుకు దగ్గరగా బిగించాలి.

వాసన వస్తే ఏ స్విచ్చూ ముట్టుకోకండి. వెయ్యడమే కాదు, ఆపడమూ వద్దు. స్విచ్చు కలిసినా విడిపోయినా లోపల చిన్న రవ్వ పుడుతుంది. ఎగ్జాస్ట్ ఫ్యాను వేసి గ్యాసును బయటికి పంపాలనుకోవడం సహజమే కానీ, ఆ రవ్వ ఒక్కటి చాలు. వెలిగి ఉన్న మంటలన్నీ ఆపి, నాబ్‌లు కట్టేసి, రెగ్యులేటర్ మూసి, తలుపులు కిటికీలు బార్లా తెరిచి అందరూ బయటికి రండి. ఫోను బయటికి వచ్చాకే చేయండి. ఫ్రిజ్ ప్లగ్గు పీకాలనిపిస్తుంది, పీకకండి. మెయిన్ స్విచ్ ఇంటి బయట, వాసన లేని చోట ఉంటే అక్కడినుంచి కరెంటు ఆపవచ్చు.

లీకు అనుమానం ఉన్నప్పుడు అగ్గిపుల్ల గీసి చూసే అలవాటు ఎవరికున్నా మాన్పించండి. సబ్బు నీళ్లు చాలు. ట్యూబు పొడవునా, రెండు చివరల బిగింపుల దగ్గర, రెగ్యులేటర్ చుట్టూ రాసి గమనించండి. బుడగలు లేస్తే అక్కడే లీకు. ట్యూబును వంచి పట్టుకుని చూస్తే సన్నని పగుళ్లు బయటపడతాయి. దాని మీద అచ్చేసిన గడువు దాటితే బాగానే కనిపిస్తున్నా మార్చేయండి. రబ్బరు లోపలినుంచి పెళుసెక్కుతుంది. బండను ఎప్పుడూ నిలువుగానే ఉంచాలి. పడుకోబెడితే ఆవిరి బదులు ద్రవమే ట్యూబులోకి వస్తుంది.

మంట నీలంగా, నిలకడగా ఉండాలి. పసుపుపచ్చగా నాలుకలు చాస్తూ, గిన్నె అడుగుకు మసి పట్టిస్తుంటే బర్నర్ రంధ్రాలు పూడుకుపోయాయని, లేదా గాలి సరిపోవడం లేదని అర్థం. బర్నర్ చల్లారాక తీసి, రంధ్రాలను సన్నని సూదితో శుభ్రం చేసి, పూర్తిగా ఆరాక బిగించండి. ఇది గ్యాసు ఆదా కోసం మాత్రమే చేసే పని కాదు. సరిగా మండని ఇంధనం కార్బన్ మోనాక్సైడ్‌ను వదులుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం లాంటివి ఇంట్లో ఒకరికంటే ఎక్కువమందికి ఒకేసారి వచ్చి, బయటికి వెళ్లగానే తగ్గుతుంటే దాన్నే అనుమానించి వైద్యుణ్ణి కలవండి. బొగ్గుల కుంపటిని ఇంట్లో వెలిగించకండి, కిటికీ తీసినా సరిపోదు.

చారో పాలో పొంగి మంట ఆరిపోతే గ్యాసు మాత్రం వస్తూనే ఉంటుంది. మంట ఆరగానే గ్యాసును ఆపేసే ఏర్పాటు ఉన్న పొయ్యి దొరుకుతుంది. కొత్తది కొనేటప్పుడు అందచందాలకంటే ముందు దాన్ని అడగండి.

ఆవిరి, కుక్కర్

ఆవిరి కాలడం వేడినీళ్లు కాలడం కంటే లోతు. ఒంటి మీద పడిన ఆవిరి ముందు నీరుగా మారుతూ తనలో దాచుకున్న వేడినంతా అక్కడే వదులుతుంది, తర్వాత ఆ నీరు చల్లారుతూ మిగిలింది ఇస్తుంది. లెక్క కడితే అదే బరువున్న మరిగే నీటి కంటే తొమ్మిది రెట్లకు పైగా వేడి. అందుకే మూత తీసేటప్పుడు అవతలి అంచు ముందు ఎత్తాలి, మూతనే అడ్డుగా పెట్టుకోవాలి, ముఖం పక్కకు ఉండాలి. ఉడికిన నీళ్లు వార్చేటప్పుడు కూడా గిన్నెను మీకు అవతలివైపుకే వంచండి. సింకులోంచి లేచే ఆవిరికి చేతులు, మొహం దూరంగా ఉండాలి.

ప్రెషర్ కుక్కర్‌లో పీడనం మామూలు గాలి పీడనం కంటే సుమారు ఒక రెట్టు ఎక్కువ. దానివల్ల లోపలి నీరు 100 దగ్గర మరగకుండా 120 డిగ్రీల దాకా వెళ్తుంది. ఆ స్థితిలో మూత ఊడితే పీడనం పడిపోయి, నీరు ఒక్కసారిగా మరిగి వంటతో సహా పైకి ఎగజిమ్ముతుంది. కుక్కర్ "పేలింది" అనే సందర్భాల్లో ఎక్కువగా జరిగేది ఇదే. దీనికి ఎక్కువగా దారితీసేవి రెండు: ఆవిరి గొట్టం పూడుకుపోవడం, పీడనం దిగకముందే మూత లాగడం.

మొదటిదానికి విరుగుడు ప్రతిసారీ మూత పెట్టే ముందు చేయాల్సిన పని. వెయిట్ తీసి, మూతను వెలుతురుకు ఎత్తిపట్టి గొట్టంలోంచి చూడండి. అవతలి వెలుగు కనిపించాలి. కనిపించకపోతే సన్నని పుల్లతో తీసి, నీళ్లు పోసి కడగండి. పాత్రలో పదార్థం, నీళ్లు కలిపి మూడింట రెండు వంతులు దాటకూడదు. పప్పులు, గింజలు, బియ్యం లాంటి నురుగు కట్టే, ఉబ్బే వాటికి సగమే హద్దు. నురుగుతో పైకి లేచే పొట్టే గొట్టానికి అడ్డం పడుతుంది. అలాగని నీళ్లు మరీ తక్కువైనా ప్రమాదమే, అవి ఇగిరిపోయి కుక్కర్ వట్టిగా కాలుతుంది.

రెండోదానికి విరుగుడు ఓపిక. మంట ఆపి దానంతటదే చల్లారనివ్వండి. తర్వాత వెయిట్‌ను గరిట కాడతో కొద్దిగా ఎత్తి చూడండి. బుస్సుమనే చప్పుడు ఏమాత్రం ఉన్నా ఆగండి. ఆవిరి పూర్తిగా పోతే మూత తేలిగ్గా వస్తుంది. బలం ఉపయోగించాల్సి వస్తోందంటే లోపల ఇంకా పీడనం ఉంది, మూత మొండికేసిందని కాదు.

సేఫ్టీ వాల్వ్ కరిగి ఆవిరి చిమ్మితే అది పాడవలేదు, తన పని తాను చేసింది. గొట్టం పూడుకుపోయి ఉంటుంది, లేదా నీళ్లు ఇగిరి ఉంటాయి. చల్లారాక కారణం కనుక్కుని, అదే కంపెనీ అదే మోడల్ వాల్వ్ వేయించండి. దాని రంధ్రాన్ని మేకుతోనో బంకతోనో మూసిన కుక్కర్ ఇక వంటపాత్ర కాదు. రబ్బరు రింగు గట్టిపడినా, సాగినా, పగిలినా మార్చాలి. బాగా వేడెక్కినా వెయిట్ కదలకుండా, ఆవిరి ఎక్కడా కనబడకుండా ఉంటే దగ్గరికి వంగి చూడకండి. గ్యాసు ఆపి, దూరం జరిగి, గంటసేపు వదిలేయండి.

మైక్రోవేవ్‌లో నీళ్లు కాచేటప్పుడు ఇంకో చిక్కు ఉంది. నున్నటి కప్పులో నీరు బుడగ కట్టకుండానే 100 డిగ్రీలు దాటగలదు. చూడ్డానికి నిశ్చలంగా ఉంటుంది. కప్పు కదిపినా, అందులో పొడి వేసినా పొంగి చేతి మీద పడుతుంది. ఒక చెక్క పుల్ల వేసి కాచండి, ఆగాక అర నిమిషం తర్వాత తీయండి. గుడ్డును పెంకుతో అందులో పెట్టవద్దు. ఒలిచిన ఉడికిన గుడ్డు కూడా తిరిగి వేడిచేస్తే నోట్లో పగిలే ప్రమాదం ఉంది.

మిక్సీ జార్‌లో వేడి చారు పోసి తిప్పితే ఆవిరి మూతను ఎగదోస్తుంది. కాస్త చల్లారనిచ్చి, మూడో వంతు మాత్రమే నింపి, మూత మధ్యనున్న చిన్న బిరడా తీసి, ఆ రంధ్రం మీద మడత పెట్టిన గుడ్డ అదిమి, తక్కువ వేగంతో మొదలుపెట్టండి. బ్లేడు దగ్గరికి వేళ్లు పోవాలంటే స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గు తీయాలి.

కత్తి

మొద్దు కత్తి పదును కత్తి కంటే ప్రమాదం. తెగకపోతే బలంగా నొక్కుతాం, జారితే ఆ బలమంతా వేలి మీదికి వస్తుంది. తరిగే చెక్క కింద తడి గుడ్డ పరిస్తే జరగదు. పట్టుకునే చేతి వేళ్ల కొనలను పంజాలా లోపలికి మడిచి, బొటనవేలు వెనక దాచి, కత్తి పలక కణుపులకు ఆనేలా తరగండి. గుండ్రటివాటిని ముందు సగానికి కోసి, కోసిన వైపు కిందికి పెట్టండి, దొర్లవు. అరచేతిలో పెట్టుకుని కోసే అలవాటు మానండి, ముఖ్యంగా గింజ ఉన్న పండ్లను.

కత్తి జారితే పట్టుకోబోకండి, వెనక్కి జరిగి పడనివ్వండి. నురుగు నీళ్ల సింకులో వేసి వదలకండి. తర్వాత చెయ్యి పెట్టేవాళ్లకు అది కనిపించదు. తెగితే శుభ్రమైన గుడ్డతో 10 నిమిషాలు ఎత్తకుండా అదిమి, చెయ్యి గుండెకు పైన ఉంచండి. అప్పటికీ కారుతున్నా, వేలు మొద్దుబారినా, వంగకపోయినా ఆసుపత్రికి వెళ్లండి.

మిరపకాయలు తరిగాక నీళ్లతో కడిగితే మంట పోదు. కారాన్నిచ్చే పదార్థం నీటిలో కరగదు, నూనెలో కరుగుతుంది. చేతులకు కాస్త నూనె రాసి, తర్వాత సబ్బుతో తోమండి. అప్పటిదాకా కళ్లు ముట్టుకోకండి.

కాలితే

వెంటనే కుళాయి కింద, 20 నిమిషాలు. రెండు నిమిషాలకు మంట తగ్గి చాలనిపిస్తుంది, గడియారం చూసి పూర్తి చేయండి. చర్మం పైపైన చల్లబడినా లోపలి పొరల్లో వేడి ఇంకా పనిచేస్తూనే ఉంటుంది. ఆలస్యమైనా వదిలేయకండి, కాలిన మూడు గంటల లోపల చేసినా ఉపయోగం ఉంటుంది. మామూలు చల్లటి నీళ్లు చాలు. ఐసు రక్తనాళాలను కుదించి దెబ్బను పెంచుతుంది. నీళ్లు పడుతుండగానే ఉంగరాలు, గాజులు, గడియారం తీసేయండి, వాపు వచ్చాక రావు. బట్ట చర్మానికి అతుక్కుపోతే దాన్ని లాగకుండా చుట్టూ కత్తిరించండి.

పేస్టు, వెన్న, నూనె, సిరా, పిండి ఏవీ రాయవద్దు. అవి వేడిని లోపలే పట్టి ఉంచుతాయి, సూక్ష్మక్రిములను తెస్తాయి, డాక్టరు గాయం చూడాలంటే వాటిని గీకి తీయాల్సి వస్తుంది. బొబ్బలు చిదపకండి. చల్లబరిచాక వంటకు వాడే పారదర్శకమైన ప్లాస్టిక్ పొరను చుట్టలా బిగించకుండా, పొడవుగా పరిచి కప్పండి.

కాలిన చోటు ఆ మనిషి అరచేతి కంటే పెద్దదైనా, ముఖం, చేతులు, పాదాలు, కీళ్లు, మర్మాంగాల దగ్గరైనా, తెల్లగా తోలులా మారినా, నల్లగా మాడినా ఆలస్యం చేయకండి. నొప్పి లేకపోవడం మంచి గుర్తు కాదు, నరాలు కూడా కాలాయని అర్థం. పసిపిల్లలు, వయసు మళ్లినవాళ్ల విషయంలో చిన్నదైనా చూపించండి. పెద్ద ప్రాంతం కాలినప్పుడు ఆ చోటు మీదే నీళ్లు పోస్తూ మిగతా ఒంటిని దుప్పటితో వెచ్చగా ఉంచాలి, లేకపోతే ఒళ్లు చల్లబడిపోతుంది.

బట్టలు అంటుకుంటే పరుగెత్తవద్దు. ఆగి, నేల మీద పడి, ముఖాన్ని చేతులతో కప్పుకుని దొర్లాలి. ఇంట్లో పిల్లలతో ఒకసారి చేయించి చూపండి, విన్నంత మాత్రాన ఆ క్షణంలో గుర్తురాదు.

తిన్నాక తెలిసేవి

పచ్చి మాంసానికి ఒక చెక్క, కూరగాయలకు ఇంకొకటి. పచ్చి కోడిమాంసాన్ని కుళాయి కింద కడిగితే క్రిములు పోవు, తుంపరలతో సింకు చుట్టూ చేరతాయి. వాటిని చంపేది వేడే. కోడిమాంసం ముక్క మధ్యలో 74 డిగ్రీలు, ఖీమా 71 డిగ్రీలు చేరాలి. వండినది 5 నుంచి 60 డిగ్రీల మధ్య ఉన్నంతసేపు క్రిములు పెరుగుతాయి. రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టండి, ఎండ మండిపోతున్న రోజుల్లో గంటలోపు. పెద్ద గిన్నెతో అలాగే పెడితే మధ్యభాగం చల్లబడటానికి చాలాసేపు పడుతుంది. లోతు లేని పళ్లేల్లోకి సర్దండి. అన్నం విషయంలో ఇది మరీ ముఖ్యం. ఉడికించినా చావని బీజాలు బియ్యంలో ఉంటాయి. బయట ఉంచిన అన్నంలో అవి మొలిచి వదిలే ఒక రకం విషం మళ్లీ వేడిచేసినా పోదు.

ఎర్ర రాజ్మా గింజల్లో సహజంగానే విషపదార్థం ఉంటుంది. 12 గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో కనీసం 10 నిమిషాలు తెర్లేలా మరిగించాలి. స్లో కుక్కర్ లాంటి తక్కువ వేడిలో మాత్రమే ఉడికిస్తే గింజ మెత్తబడుతుంది కానీ విషం పోదు.

శుభ్రం చేసేటప్పుడు బ్లీచును వెనిగర్‌తో గాని, ఇతర ఆమ్లాలతో గాని, అమ్మోనియా ఉన్న ద్రవాలతో గాని కలపకండి. ఊపిరితిత్తులను కాల్చే వాయువులు పుడతాయి. నాన్‌స్టిక్ పెనాన్ని వట్టిగా మంట మీద వదలకండి, 260 డిగ్రీలు దాటితే పూత విడిపోవడం మొదలవుతుంది. ఆ పొగ పెంపుడు పక్షుల ప్రాణం తీస్తుంది.

పొయ్యి ఆపాక

నాబ్‌లను కళ్లతోనే కాదు, చేత్తో తాకి చూడండి. రాత్రి పడుకునే ముందు, ఊరెళ్లే ముందు రెగ్యులేటర్ కూడా కట్టేయండి. కరెంటు పొయ్యి ఎర్రదనం పోయాక కూడా చాలాసేపు కాలుతుంది. దాని మీద ప్లాస్టిక్ మూతలు, గుడ్డలు పెట్టవద్దు. పొయ్యి పైన ఉండే చిమ్నీ జాలీకి పేరుకునే జిడ్డు కూడా ఇంధనమే. వేపుళ్లు ఎక్కువగా చేసే ఇంట్లో నెలకోసారైనా వేడి సబ్బు నీళ్లలో నానబెట్టి కడగాలి.

నూనె బాగా పీల్చుకున్న గుడ్డలను కుప్పగా పడేయకండి. కొన్ని వంటనూనెలు గాలితో కలుస్తూ నెమ్మదిగా వేడిని పుట్టిస్తాయి. ఆ వేడి బయటికి పోయే దారి లేక గుట్ట మధ్యలో పేరుకుంటే గుడ్డలు ఎవరూ ముట్టించకుండానే రాజుకుంటాయి. వేడి గాలి డ్రైయర్‌లో ఆరబెట్టి వెంటనే మడిచి పెట్టినప్పుడు ఇలా జరిగే అవకాశం ఎక్కువ. వేడి నీళ్లు, సబ్బుతో జిడ్డు వదిలేదాకా ఉతికి, తీగ మీద విడివిడిగా ఆరేసి, పూర్తిగా చల్లారాకే మడవండి.